గాయం మీద వేలు, గాయంలో వేలు

(మెడలోకీ వెన్నెముకలోకీ దిగిన గాయాల చికిత్స గురించి అత్యవసర వైద్య సిబ్బందికి చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

ముందు వరసల్లో హౌస్ సర్జన్లు, మధ్యలో క్యాజువాలిటీ నర్సులు, వెనక 108 అంబులెన్సుల్లో పనిచేసే అత్యవసర వైద్య సహాయకులు (ఈఎంటీలు) కూర్చున్నారని నిర్వాహకులు ముందే చెప్పారు. అందుచేత పెద్ద ఆపరేషన్ల వివరాల కన్నా, మెడ మీదనో వెన్ను మీదనో పోటు తిన్న మనిషి మన చేతికి వచ్చిన మొదటి అరగంట గురించే ఎక్కువసేపు మాట్లాడతాను. అతను దక్కుతాడా లేదా అన్నది చాలావరకు ఆ అరగంటలోనే తేలిపోతుందని, అందులోనూ మన వేలు ఎక్కడ ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుందని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు పుస్తకంలోంచి రాలేదు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక భోగి ముందు రాత్రి ఒక యువకుణ్ణి ఆటోలో తీసుకొచ్చారు. మెడకు ఎడమ పక్కన, దవడకు రెండంగుళాల కింద కత్తిపోటు. అతని తలను బావమరిది ఒళ్లో పెట్టుకుని, మడిచిన తువ్వాలును రెండు చేతులతోనూ గాయం మీద అదిమి పట్టుకుని ఉన్నాడు. తువ్వాలు తడిసింది కానీ రక్తం కారడం లేదు. ‘డాక్టరుగారూ, చెయ్యి తియ్యమంటారా?’ అని అతను అడిగాడు. ఎంత లోతుగా దిగిందో చూడాలన్న ఆత్రంలో తియ్యమన్నాను. మరుక్షణం గోడ మీద పడ్డ రక్తపు చారను ఇప్పటికీ మరిచిపోలేదు. పక్క గదిలోంచి పరుగున వచ్చిన మా సీనియర్ సర్జన్‌గారు నన్ను ఒక్క మాట అనకుండా, గ్లౌజు తొడుక్కున్న చూపుడు వేలును ఆ చీలిక మీద పెట్టి నొక్కారు. రక్తం ఆగింది. ట్రాలీ వెంట థియేటరు దాకా ఆ వేలు అక్కడే ఉంది, మత్తు ఇస్తున్నంతసేపూ అక్కడే ఉంది. బెటాడిన్ పూసేటప్పుడు మెడతో పాటు ఆ వేలికీ పూసి, ఆకుపచ్చ గుడ్డలు దాని చుట్టూనే పరిచారు. ఇంకో సర్జన్ కోత పెట్టి, మెదడుకు రక్తం తీసుకుపోయే కరోటిడ్ ధమనిని గాయానికి కిందా పైనా పట్టుకున్నాక గానీ ఆయన వేలు తియ్యలేదు. చదువురాని బావమరిది సరిగ్గా చేస్తున్న పనిని, ఎంబీబీఎస్ పూర్తిచేసిన నేను చెడగొట్టాను.

నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేని చోట ఊపిరి పోయే దారి, అన్నం పోయే దారి, మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనులు, ఒళ్లంతటికీ కదలికనూ స్పర్శనూ ఇచ్చే వెన్నుపాము ఒకదాన్నొకటి ఆనుకుని ఉండటమే మెడ గాయాల్లో ఉన్న చిక్కంతా. సుశ్రుతుడు శారీరస్థానంలో 107 మర్మాలను లెక్కపెట్టినప్పుడు కంఠనాడికి ఇరువైపులా ఉన్న నీల, మన్య అనే ధమనులకు దెబ్బ తగిలితే మాట పోతుందనీ, గొంతు మారుతుందనీ, రుచి తెలియదనీ అన్నాడు. మాతృకలు అనే ఎనిమిది సిరలకు దెబ్బ తగిలితే వెంటనే మరణమేనన్నాడు. ఆ పేర్లను నేటి శరీరశాస్త్రంలోని ఏ నాళానికి అతికించాలన్న చర్చ మనకు అక్కర్లేదు కానీ, గాయపడ్డవాడి గొంతు మారిందా అని చెవి పెట్టి వినడం ఇప్పటికీ మన మొదటి పరీక్షే. పేరు చెప్పమనండి. స్పష్టంగా, మామూలు గొంతుతో చెప్పగలిగితే ఊపిరి దారి ఆ క్షణానికి బాగానే ఉన్నట్టు. బొంగురుపోయినా, గురగుర శబ్దం వచ్చినా, మాటకు నోట్లోంచి రక్తం చిందినా వ్యవధి తక్కువుందని అర్థం.

చర్మం కింద ప్లాటిస్మా అనే పల్చని కండర పొర ఉంటుంది. గాయం ఆ పొరను దాటకపోతే శుభ్రం చేసి కుట్లు వేసి, టెటనస్ ఇంజక్షన్ ఇచ్చి ఇంటికి పంపవచ్చు. దాటితే, పైకి ఎంత చిన్న గాటుగా కనబడ్డా, ఆసుపత్రిలో ఉంచి తీరాలి. దాటిందో లేదో చూడటానికి గాయం అంచులను మెల్లగా ఎడం చేసి చూడటం వేరు, ప్రోబు అనే సన్నటి కడ్డీ గానీ వేలు గానీ లోపలికి దించి వెతకడం వేరు. మొదటిది పరీక్ష. రెండోది, అప్పటిదాకా రక్తనాళాన్ని మూసి ఉంచిన గడ్డను మన చేత్తో మనమే పెకలించడం.

మెడను మూడు జోన్లుగా విభజించే పద్ధతిని 1969లో షికాగో సర్జన్లు ప్రచారంలోకి తెచ్చారు. కాలర్‌బోన్ నుంచి, గొంతు పెట్టె అడుగున ఉంగరంలా ఉండే క్రికాయిడ్ మృదులాస్థి దాకా జోన్ 1, అక్కడి నుంచి దవడ మూల దాకా జోన్ 2, ఆ పైన పుర్రె అడుగు దాకా జోన్ 3. సర్జన్ చేతికి తేలిగ్గా అందేది మధ్య జోనే. కింది దానిలో రక్తనాళాన్ని పట్టుకోవాలంటే ఛాతీ ఎముకను తెరవాల్సి రావచ్చు, ఊపిరితిత్తి కొన కూడా అక్కడికే వస్తుంది. పై దానిలో ఎముక అడ్డం. అయితే పైన కనబడే గాటు ఏ జోన్‌లో ఉందో కత్తి మొన కూడా అక్కడే ఆగిందని నమ్మడానికి వీల్లేదు. జోన్ 2లో దిగిన మొన ఛాతీలోకి పోవచ్చు. అందుకే ఇప్పుడు చాలా కేంద్రాలు జోన్ల కన్నా లక్షణాలనే నమ్ముకుంటున్నాయి. ఆ మార్పు మంచిదనే నా అభిప్రాయం.

ఊపిరి దారి సంగతి ముందు. మెడలో వాపు పెరుగుతున్నా, చర్మం కింద గాలి చేరి నొక్కితే చిటపటమంటున్నా, శ్వాసలో కూత వినబడుతున్నా గొట్టం వేయడానికి ఆలస్యం చేయకూడదు. గంట క్రితం సులువుగా పడే గొట్టం, లోపల రక్తం గడ్డకట్టి శ్వాసనాళాన్ని పక్కకు నెట్టేశాక అసలు పడకపోవచ్చు. ఆ పని అక్కడున్న వాళ్లలో అందరికన్నా అనుభవమున్న చెయ్యి చేయాలి, కండరాలను సడలించే మందు ఇవ్వడానికి ముందే గొంతు ముందువైపు కోసి గొట్టం వేసే సామాను విప్పి పక్కన పెట్టుకోవాలి. రోగి కూర్చుని ముందుకు వంగితేనే ఊపిరి ఆడుతోందంటే అతన్ని బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టకండి, తన ప్రాణం ఏ భంగిమలో నిలుస్తుందో అతనికే బాగా తెలుసు.

ఇక్కడ పతంగుల మాంజా గురించి చెప్పాలి. సంక్రాంతి వారంలో గాజుపొడి పూసిన నైలాన్ దారం బైకు మీద పోయేవాళ్ల మెడకు అడ్డంగా తగిలి కోసుకుపోతున్న సంఘటనలు హైదరాబాద్‌లో ఏటా వింటున్నాం. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా సింథటిక్ మాంజాను నిషేధించింది, అయినా అది దొరుకుతూనే ఉంది. ఆ గాయం అడ్డంగా, మెడ ముందు భాగంలో, బ్లేడుతో గీసినట్టు ఉంటుంది. శ్వాసనాళమే తెగి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా గాయంలోంచి బుడగలు వస్తుంటే నోటి నుంచి గొట్టం వేయడానికి తంటాలు పడాల్సిన పని లేదు. తెగిన శ్వాసనాళం కనబడుతోంది కాబట్టి గొట్టాన్ని ఆ రంధ్రంలోంచే నేరుగా, జాగ్రత్తగా పంపి, గొట్టం చివరనుండే బుడగను గాలితో నింపితే చాలు. తెగిన నాళం కింది కొన ఛాతీలోకి జారిపోకుండా ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని ఉండాలి.

తర్వాత రక్తం. గుడ్డ వేసి అరచేత్తో మెడంతా అదమడం కన్నా, కారుతున్న చోట రెండు వేళ్లతో గురిపెట్టి నొక్కడం మేలు. మెడ చుట్టూ బిగించి కట్టు కట్టడం మాత్రం ఉరి వేయడమే అవుతుంది. లోతైన, సన్నటి గాటులోంచి రక్తం ఉబికి వస్తూ, వేలి ఒత్తిడికి అందకపోతే, దక్షిణాఫ్రికా సర్జన్లు వాడుకలోకి తెచ్చిన ఉపాయం ఒకటుంది. మనం రోజూ మూత్రానికి వేసే, చివర బుడగ ఉండే ఫోలీ క్యాథెటరు, 18 లేక 20 నంబరుది, గాయం వెంట తనంతట తాను పోయినంత మేరకు మెల్లగా పంపి, రక్తం ఆగేదాకా బుడగలో పది, పదిహేను మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు నింపి, గొట్టాన్ని క్లాంపు చేసి, బుడగ జారిపోకుండా చర్మాన్ని దాని చుట్టూ కుట్టేయాలి. ‘గాయంలో ఏదీ పెట్టొద్దని ఇప్పుడేగా అన్నారు’ అని మీలో ఎవరైనా అనుకుంటూ ఉంటారు, అనుకోవాలి కూడా. తేడా ఉద్దేశంలో ఉంది. వెతకడానికి పెట్టేది వద్దు. మూయడానికి, అదీ పై ఒత్తిడికి రక్తం ఆగనప్పుడు, పెట్టేది కావాలి.

సిర తెగిన చోట ఇంకో ప్రమాదం ఉంది. లోపలికి పీల్చిన ఊపిరితో పాటు గాలి బుడగ సిరలోకి దూరి గుండెను ఆపగలదు, అందుకే తడి గుడ్డతో మూసి, ఊపిరికి ఇబ్బంది లేని రోగికి తలవైపు కాస్త దించాలి. సెలైన్ సూది గాయానికి ఎదుటి చేతికి పెట్టాలి. రక్తపోటును మామూలు స్థాయికి తేవాలని సీసాల మీద సీసాలు సెలైన్ ఎక్కిస్తే గడ్డ కొట్టుకుపోతుంది, రక్తం పలచబడుతుంది, కావలసింది రక్తమే. కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా కాపాడే ట్రానెక్సమిక్ ఆమ్లం గాయమైన మూడు గంటల్లోపే ఒక గ్రాము ఇవ్వాలి. 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనం 40 దేశాల్లోని ఇరవై వేల పైచిలుకు రోగుల్లో ఈ చౌక మందు మరణాలను తగ్గిస్తుందని చూపింది. మూడు గంటలు దాటితే మేలు లేకపోగా కీడుండవచ్చని అదే అధ్యయనపు సమాచారం చెప్పింది.

ఎవరిని నేరుగా థియేటరుకు తీసుకుపోవాలి, ఎవరిని స్కానుకు పంపాలి అన్న ప్రశ్న మీద మా వృత్తిలో అర్ధ శతాబ్దం వాదం నడిచింది. 1956లో డాలస్ నుంచి ఫోగెల్‌మన్, స్టీవర్ట్ అనే సర్జన్లు నూరుమంది రోగుల అనుభవం ప్రచురించారు: వెంటనే మెడ తెరిచి చూసినవారిలో మరణాలు 6 శాతం, ఆలస్యం చేసిన లేదా తెరవనివారిలో 35 శాతం. దాంతో ప్లాటిస్మా దాటిన ప్రతి గాయాన్నీ తెరవడం ఆచారమైంది. అలా తెరిచినవాటిలో సగం దాకా లోపల ఏమీ లేకపోవడంతో పట్టు సడలింది. ఇప్పటి పద్ధతి ఇది: ఎగజిమ్మే రక్తం, పెరుగుతున్న లేదా కొట్టుకుంటున్న వాపు, చేతికి తగిలే జలదరింపు, షాక్, గాయంలోంచి గాలి బుడగలు, ఊపిరాడకపోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్కాను కోసం ఆగకుండా థియేటరే. ఇవి లేక, చిన్న వాపో, మింగితే నొప్పో, కొద్దిగా రక్తపు ఉమ్మో ఉంటే రక్తనాళాలను చూపే స్కాను, సీటీ యాంజియోగ్రామ్. ఏ లక్షణమూ లేనివారిని కనీసం ఒక పగలూ రాత్రీ కళ్లెదుట ఉంచుకుని మళ్లీ మళ్లీ పరీక్షించాలి. కూలిపోతున్న రోగిని సీటీ గదికి పంపడం నేను ఎప్పటికీ ఒప్పుకోను.

1552లో ఫ్రెంచి సర్జన్ ఆంబ్రోస్ పారే గాయపడ్డ ఒక సైనికుడి కరోటిడ్ ధమనినీ దాని పక్కనుండే జుగులర్ సిరనూ ముడివేసి ప్రాణం నిలిపాడు. మనిషి బతికాడు, మాటా ఒక పక్క కదలికా పోయాయి. నేటికీ ఆ పాఠం మారలేదు: సిరను ఒక పక్క ముడివేసినా ఫరవాలేదు కానీ ధమనిని, రోగి స్థితి అనుమతించినంత వరకు, కాలి సిర ముక్కతో అతికి బాగుచేయాలి. వెన్నుపూసల రంధ్రాల గుండా పోయే వెర్టిబ్రల్ ధమనికి ఆపరేషన్ కన్నా యాంజియోగ్రఫీ గదిలో కాయిల్ అనే సన్నటి తీగచుట్ట పెట్టి మూయడమే సుఖం.

అందరూ మరిచిపోయేది అన్నవాహిక. రక్తం చిందదు, కూత వినబడదు. రెండో రోజు జ్వరం, మూడో రోజు ఛాతీలో చీము, ఆపైన చేయి దాటిపోవడం. సుమారు క్రీస్తుపూర్వం 1600 నాటి ఈజిప్టు పాపిరస్‌లో, ఎడ్విన్ స్మిత్ పేరుతో పిలిచే దానిలో, గొంతు గాయమైన ఒక మనిషి నీళ్లు తాగితే పొరపోతూ అవి గాయం నోట్లోంచే బయటికొస్తున్నాయని రాసి ఉంది. అలా కళ్లెదుట నీళ్లు కారేదాకా మనం ఆగకూడదు. అనుమానముంటే తాగడానికి చుక్క నీళ్లు కూడా ఇవ్వకుండా, పరీక్ష ద్రావణం మాత్రమే మింగించి తీసే ఎక్స్‌రే, ఎండోస్కోపీ రెండూ చేయించాలి, ఎందుకంటే ఏ ఒక్కటీ అన్ని చిల్లులనూ పట్టలేదు. మొదటి 24 గంటల్లో కుట్టినదానికీ తర్వాత కుట్టినదానికీ ఫలితాల్లో చాలా తేడా ఉంటుంది. శ్వాసనాళం కూడా తెగి ఉంటే, రెండు కుట్ల మధ్య మెడ కండరాన్ని ఒక పొరగా మలిచి పెట్టాలి, లేకపోతే రెండూ కలిసి ఒకే దారి అయిపోతాయి.

వెన్నెముకకు వద్దాం. ముందుగా అంబులెన్సు మిత్రులకు ఒక విన్నపం. మెడ గాయం కనబడగానే మెడ కదలకుండా పట్టే కాలర్ బిగించాలని మీకు నేర్పారు. బైకు ప్రమాదాలకూ, తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లకూ అది సరైనదే. కత్తిపోటుకు మాత్రం అది మేలు చేయదు. 2010లో హాట్ అనే సర్జన్, ఆయన సహచరులు అమెరికా జాతీయ ట్రామా సమాచారంలోని 45,284 మంది కత్తి, తుపాకీ గాయాల రోగులను పరిశీలించారు. వెన్నెముకను కదలకుండా బిగించి తెచ్చినవారిలో 14.7 శాతం, బిగించకుండా తెచ్చినవారిలో 7.2 శాతం మరణించారు. ఇతర తేడాలను సర్దుబాటు చేశాక కూడా ప్రమాదం రెట్టింపుగానే తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. కాలర్ కింద వాపు పెరుగుతుంటే కనబడదు, వేలు నొక్కడానికి చోటుండదు, గొట్టం వేయడానికి నోరు సరిగా తెరుచుకోదు, బిగించడానికి పట్టే నిమిషాలు రక్తంలో చెల్లించాలి. కత్తి మొన వెన్నుపామును తెంపగలదు గానీ, వెన్నుపూసల కట్టును సడలించి మెడను నిలకడ లేకుండా చేయడం బహు అరుదు. పోటు తిని మేడ మీంచి కూడా పడ్డాడనుకోండి, అప్పుడు కాలర్ వేయండి, ముందు సగం తెరిచి గాయాన్ని చూస్తూ ఉండండి.

వెన్నుపాము ఒక సగం తెగితే కనిపించే చిత్రం విద్యార్థులకు ఇష్టమైన పరీక్ష ప్రశ్న. పోటు పడిన వైపు కాలు కదలదు, ఎదుటి వైపు కాలికి సూది గుచ్చినా నొప్పి తెలియదు. నొప్పినీ వేడినీ మోసే తీగలు వెన్నుపాములోనే ఎదుటి పక్కకు దాటుతాయి, కదలికనిచ్చేవి దాటేది పైన మెదడు అడుగున. పందొమ్మిదో శతాబ్దిలో మారిషస్‌లో పుట్టిన బ్రౌన్ సెకార్డ్ వివరించిన ఈ స్థితి కత్తిపోట్లలోనే బాగా కనబడుతుంది, అన్ని వెన్నుపాము గాయాల్లోకీ దీనిలోనే కోలుకునే అవకాశం మెరుగు. అందుకే మొదటి రోజే ప్రతి కండరం బలాన్నీ, మలద్వారం చుట్టూ స్పర్శనూ చూసి కాగితం మీద రాయాలి; రేపు తగ్గిందో పెరిగిందో చెప్పాలంటే ఇవాళ ఎంత ఉందో తెలియాలి కదా. రక్తపోటు పడిపోయి, నాడి నెమ్మదిగా, ఒళ్లు వెచ్చగా ఉంటే అది వెన్నుపాము వల్ల కావచ్చు. అయినా పోటు తిన్నవాడికి రక్తపోటు తగ్గితే, వేరే కారణం రుజువయ్యేదాకా అది రక్తం పోవడం వల్లేనని అనుకుని ఛాతీ, పొట్ట వెతకండి.

వీపులో దిగి నిలిచిపోయిన కత్తిని లాగకండి. సుశ్రుతుడు కొన్ని మర్మాలను విశల్యఘ్నాలన్నాడు: శల్యం, అంటే దిగిన వస్తువు, లోపల ఉన్నంతసేపు మనిషి బతుకుతాడు, లాగితే చస్తాడు. ఆయన ఆ మాట తలలోని మర్మాల గురించి చెప్పాడు, మనం వెన్నుకూ మెడకూ వర్తింపజేసుకోవచ్చు. పిడికి రెండు పక్కలా చుట్టిన దుప్పట్లు పేర్చి, ప్లాస్టరుతో కదలకుండా అంటించి, పక్కకు పడుకోబెట్టి తీసుకురండి. థియేటరులో వెన్నుపూస వెనక భాగాన్ని తొలగించి, కంటికి కనబడుతుండగా, దిగిన దారిలోనే వెనక్కి తీయాలి. మెలి తిప్పితే మిగిలిన సగం కూడా పోతుంది. లోపల విరిగినది ఇనుమైతే ఎంఆర్ఐ జోలికి పోకూడదు. వెదురు ముల్లో కర్ర పేడో అయితే సీటీలో అది గాలిలా నల్లగా కనబడి మోసం చేస్తుంది.

స్టెరాయిడ్లు ఇమ్మని బంధువులు, ఒక్కోసారి తోటి డాక్టర్లు కూడా, ఒత్తిడి చేస్తారు. పోటు, తూటా గాయాల్లో వాటివల్ల కదలిక రాలేదు, ఇన్ఫెక్షన్లు వచ్చాయి. ఇవ్వకండి. తూటా సంగతి కూడా అంతే. అది లోపల ఉందన్న ఒక్క కారణంతో తీయాల్సిన పని లేదు. బలహీనత రోజురోజుకూ పెరుగుతున్నా, వెన్నునీరు కారడం ఆగకపోయినా, నడుము దగ్గరి నరాల మీద అది కూర్చుని ఉన్నా అప్పుడు ఆలోచించాలి.

దీనికి చరిత్రలో గార్‌ఫీల్డ్‌ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషనులో అమెరికా అధ్యక్షుడి వీపులో దిగిన తూటా మొదటి నడుము వెన్నుపూసను చీల్చుకుంటూ పోయింది. వెన్నుపాముకు తగల్లేదు. క్రిమిరహిత శస్త్రచికిత్స గురించి బ్రిటిష్ సర్జన్ లిస్టర్ ప్రకటించి అప్పటికి పద్నాలుగేళ్లు. అయినా ఒకరి తర్వాత ఒకరుగా డాక్టర్లు కడుక్కోని వేళ్లనూ ప్రోబులనూ ఆ గాయంలో పెట్టి తూటా కోసం వెతికారు. గ్రాహం బెల్ లోహాన్ని పసిగట్టే యంత్రం తెచ్చి ప్రయత్నించినా దొరకలేదు. 79 రోజుల తర్వాత, సెప్టెంబరు 19న ఆయన చనిపోయారు. శవపరీక్షలో తూటా వెన్నెముకకు ఎడమ పక్కన ఉంది; డాక్టర్లు తూటా దారి అనుకున్న చీము కాలువ కుడి పక్కన కిందికి, అసలు తూటా పోని చోటికి పోయింది. రంధ్రం పడ్డ ఆ వెన్నుపూసను ఇప్పటికీ అమెరికా జాతీయ ఆరోగ్య, వైద్య మ్యూజియంలో భద్రపరిచారు.

కాళ్లు పడిపోయి బతికినవాళ్ల సంగతి వేరే రోజంతా చెప్పాల్సినది. మొదటి ప్రపంచ యుద్ధంలో అలాంటి సైనికుల్లో అత్యధికులు పడక పుండ్లతో, మూత్రంలో చీముతో నెలల్లోనే పోయారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ రెండు గంటలకోసారి పక్క తిప్పడం, మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయడం అనే రెండు పనులను మొండిగా అమలు చేసి ఆ లెక్కను మార్చాడు. మన దగ్గర ఆ పని చేసేది భార్యో తల్లో. డిశ్చార్జి రోజున మందుల చీటీ చేతిలో పెట్టడం కాకుండా, ఆమె చేత ఒకసారి తిప్పించి, ఒకసారి క్యాథెటరు వేయించి చూడండి. వెన్నుపాముకు ఛాతీ మధ్య భాగంలో గానీ ఆ పైన గానీ దెబ్బ తగిలినవాడికి హఠాత్తుగా తలనొప్పి, చెమటలు పట్టి రక్తపోటు ఎగిసిపోతే మాత్రల కోసం పరిగెత్తకముందు కూర్చోబెట్టి మూత్రం గొట్టం మూసుకుపోయిందేమో చూడమని ఆమెకు చెప్పాలి.

కేసు కాగితాల గురించి రెండు మాటలు. పోలీసులు వచ్చేదాకా చికిత్స ఆపనక్కర్లేదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చొక్కా విప్పేటప్పుడు పోటు పడ్డ చిల్లు గుండా కత్తిరించకండి, అది సాక్ష్యం. గాయం తనకు తానే చేసుకున్నదైతే 2017 మానసిక ఆరోగ్య చట్టం అతన్ని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడమంటోంది. రాత్రింబవళ్లు పక్కన ఒక మనిషినీ, తెల్లారేసరికి సైకియాట్రిస్టునూ ఏర్పాటు చేయడం మన పనే.

స్లైడ్లు ఇంతటితో ఆపుతాను. వెనక బల్ల మీద నాలుగు మేక మెడలు, సన్నటి కత్తి, ఎర్ర రంగు నీళ్లు నింపిన సెలైన్ గొట్టాలు, 20 నంబరు ఫోలీ క్యాథెటర్లు, పది మిల్లీలీటర్ల సిరంజిలు పెట్టించాను. ముందు 108 వాళ్లు రండి. ఒకరు రంగు నీళ్లు వదులుతారు, ఇంకొకరు వేలితో ఆపుతారు, మూడో మనిషి క్యాథెటరు వేసి బుడగ నింపుతారు. వేలు ఎప్పుడు తియ్యాలో చెప్పేది మాత్రం మూడో మనిషే.